గోడ మీది కాగితం, చేతిలోని మాత్ర

గనులు మూతపడ్డాక కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)కు కంపెనీ ఆస్పత్రి మందు దూరమైంది, అంగడి మందు దిక్కైంది. ఆ అంగడి ఎవరి అనుమతితో నడుస్తోంది? ఆ మాత్ర ఎవరి పూచీతో తయారవుతోంది? మూడు రాష్ట్రాలు కలిసే చోట బతుకుతున్న కోలార్ జిల్లాకు ఇవి ప్రాణాల మీది ప్రశ్నలు.

కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో మందుల అంగడి గల్లా ముందు నిలబడి తలెత్తితే మామూలుగా రెండు రకాల పటాలు కనిపిస్తాయి. ఒకటి దేవుడిది. రెండోది అద్దం బిగించిన సర్కారు కాగితం. ఊదొత్తుల పొగకు అంచులు పసుపుబారి, మేకు మీద కాస్త పక్కకు ఒరిగి ఉండే ఆ కాగితంలో అంగడి పేరు, వీధి, ఫార్మసిస్టు పేరు, ఒక నంబరు, ఒక తేదీ ఉంటాయి. డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని నిలబడ్డవాళ్లు దాన్ని చదవరు. మాత్రలు ఉన్నాయా, ఎంతవుతుంది, పది రూపాయలైనా తగ్గిస్తారా అన్నదే వాళ్ల ఆరాటం.

ఆ కాగితం అక్కడ ఊరికే లేదు. జనం వచ్చి నిలబడే చోట, కంటికి ఆనేలా తగిలించాలన్నది లైసెన్సు మొదటి షరతు. లైసెన్సు లేకుండా మందు అమ్మినా, తయారుచేసినా మూడేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు. జరిమానా కనీసం లక్ష రూపాయలు, లేదా పట్టుబడిన సరుకు విలువకు మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది. బియ్యం కొట్టుకు, బట్టల కొట్టుకు లేని ఈ కట్టడి మందుల అంగడికి ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు ఈ ఊరి సంగతి తెలియాలి.

కంపెనీ మందు పోయిన ఊరు

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ అడుగుపెట్టింది. అప్పట్నుంచి చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం వైపుల నుంచి తెలుగు, తమిళ కూలీలు తరతరాలుగా ఈ నేలలోకి దిగారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లి, ప్రపంచంలోనే అతి లోతైన గనుల్లో ఒకటిగా నిలిచింది. రాయి తొలిచినప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వచ్చేది. సిలికోసిస్ ఉన్నవాడికి క్షయ తేలిగ్గా అంటుకుంటుంది. అందుకే ఈ ఊళ్లో దగ్గుకు వేరే అర్థం ఉంది. తాత దగ్గు ఎలాంటిదో మనవడికీ తెలుసు.

గనివాడి ఇంటికి వైద్యం కంపెనీ బాధ్యత. చాంపియన్ రీఫ్స్‌లోని ఆస్పత్రికి మంచి రోజుల్లో 800 పడకలు ఉండేవి. లైన్లలో, అంటే గని కూలీల ఇళ్ల వరుసల్లో, ఉండే కుటుంబాలకు మందు అంటే ఆస్పత్రి కిటికీలోంచి చేతికి వచ్చేదే. దాని మంచిచెడ్డలు కంపెనీ చూసుకునేది.

2001 ఫిబ్రవరి 28న, అప్పటికి గనులు నడుపుతున్న భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ మూతపడింది. ఆస్పత్రి కూడా మూగబోయింది. 2021లో కొవిడ్ రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు స్వచ్ఛంద సేవకులు రెండు వారాల పాటు దుమ్ము దులిపి, గోడలు కడిగి, అక్కడ 200కు పైగా పడకలు వేశారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ వార్డుల్లో మళ్లీ దీపాలు వెలిగాయి. ఆ వార్త చూసి కళ్లు తుడుచుకోని పాత కార్మికుడు ఉండడేమో.

కిటికీ మూతపడితే జనం అంగడికి వెళతారు. కేజీఎఫ్‌లో, బంగారపేటలో, ముళబాగిలులో, శ్రీనివాసపురంలో ఈ పాతికేళ్లలో జరిగింది అదే. ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, కోలార్‌లో ఎస్.ఎన్.ఆర్. జిల్లా ఆస్పత్రి ఉంది, టమకలో దేవరాజ్ అర్స్ వైద్య కళాశాల ఉంది. అయినా బీపీకి, షుగరుకు నెలనెలా కొనే మాత్రలు, రాత్రి పదింటికి పిల్లకు జ్వరం వస్తే కావలసిన సిరప్ అంగడి నుంచే రావాలి. అందుకే గోడ మీది కాగితానికి ఇక్కడ అంత బరువు.

క్వినైన్‌లో మొదలైన కథ

మందుల మీద అదుపు లేని కాలం మన పెద్దలకు తెలుసు. చలిజ్వరం ఊళ్లకు ఊళ్లను పడగొట్టిన రోజుల్లో క్వినైన్ పేరుతో అమ్మిన మాత్రల్లో క్వినైన్ ఉండవలసినంత ఉండేది కాదు. గొడవ పెరిగి, 1930లో ప్రభుత్వం కర్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన ఔషధ విచారణ సంఘాన్ని వేసింది. ఆ సంఘం ఊళ్లు తిరిగి, సాక్ష్యాలు విని, మందులకు కేంద్ర చట్టం కావాలనీ, పరీక్షించే ల్యాబులు కావాలనీ, మందు ఇచ్చేవాడికి చదువు ఉండాలనీ తేల్చింది. అందులోంచి పుట్టింది 1940 నాటి ఔషధ చట్టం. 1945లో దాని నియమాలు, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. దేశంలో మందు అమ్మే ప్రతి ఒక్కరూ ఇప్పటికీ ఈ మూడింటి నీడలోనే ఉన్నారు.

అదే కాలంలో అమెరికాలో ఏం జరిగిందో చూస్తే లైసెన్సు, పరీక్ష ఎందుకో ఇంకా బాగా అర్థమవుతుంది. 1937లో ఒక కంపెనీ సల్ఫానిలమైడ్ మందును తియ్యటి ద్రవంగా చేయడానికి డైఇథైలిన్ గ్లైకాల్‌లో కరిగించింది. విషమా కాదా అని చూడలేదు. చూడాలని అప్పటి చట్టంలో లేదు. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఎందరో ఉన్నారు. ఆ కంపెనీని చట్టం పట్టుకోగలిగింది ఒకే ఒక్క తప్పు మీద: ‘ఎలిక్సర్’ అని పేరు పెట్టిన మందులో ఆల్కహాలు లేదు కాబట్టి లేబుల్ తప్పు! మరుసటి ఏడాది, 1938లో, మందు అమ్మకముందే అది సురక్షితమని చూపించాలనే చట్టం వచ్చింది.

ఆ రసాయనం పేరు గుర్తుంచుకోవాలి. ఎనభై ఎనిమిదేళ్ల తర్వాత అది కోలార్ మీదుగా వెళ్లే పాత రోడ్డు పక్కనే మళ్లీ కనిపించింది.

పది చదరపు మీటర్లు

కేజీఎఫ్‌లో ఒక యువకుడు మందుల అంగడి పెట్టాలనుకుంటే మొదట కావలసింది జాగా. చిల్లర అమ్మకానికైనా, టోకు అమ్మకానికైనా కనీసం పది చదరపు మీటర్లు, రెండూ ఒకేచోట చేస్తే పదిహేను. పది చదరపు మీటర్లంటే ఒక చిన్న పడకగది. ఆ కొద్ది జాగాలోనే బీరువాలు, గల్లా, ఫ్రిజ్ అన్నీ ఇమడాలి.

ఆ పైన కాగితాలు. మామూలు మందులకు ఫారం 20 లైసెన్సు. టీకాలు, ఇన్సులిన్, సీరం లాంటి జీవ సంబంధమైన మందులకు ఫారం 21. టోకు వ్యాపారికి 20బి, 21బి. మత్తుకు, అలవాటుకు దారితీసే షెడ్యూల్ ఎక్స్ మందులు అమ్మాలంటే 20ఎఫ్ విడిగా తీసుకోవాలి. హోమియోపతికి వేరే ఫారం. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే. జిల్లాలో ఆ అధికారం అసిస్టెంట్ డ్రగ్స్ కంట్రోలర్‌ది. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ వచ్చి జాగా కొలిచి, ఫ్రిజ్ చూసి, ఫార్మసిస్టు ఉన్నాడో లేడో తెలుసుకుని నివేదిక ఇచ్చాకే కాగితం చేతికి వస్తుంది. ఆ లైసెన్సు ఆ చిరునామాకే చెల్లుతుంది. అంగడి వీధి మారితే కాగితమూ మారాలి.

ఒకప్పుడు ఐదేళ్లకోసారి లైసెన్సును రెన్యువల్ చేయించుకోవలసి వచ్చేది. 2017 అక్టోబరులో నియమం మారింది. ఇప్పుడు ఐదేళ్లకోసారి నిలుపుదల రుసుము కడితే లైసెన్సు కొనసాగుతుంది. ఆఫీసుల చుట్టూ తిరుగుడు తగ్గింది, మంచిదే. కానీ రెన్యువల్ పేరుతో అయినా ఐదేళ్లకోసారి జరిగే పరిశీలన పోయింది కనుక మామూలు తనిఖీకి ఇప్పుడు ఎక్కువ విలువ ఉంది. తన పరిధిలోని ప్రతి మందుల అంగడినీ ఏడాదికి ఒక్కసారైనా చూడాలని నియమాలు ఇన్‌స్పెక్టర్‌కు చెబుతున్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మనిషి. చీటీ చూసి మందు ఇచ్చేటప్పుడు నమోదైన ఫార్మసిస్టు దగ్గర ఉండి తీరాలి. యజమాని ఎంత అనుభవం ఉన్నవాడైనా ఆ చదువు లేకపోతే పక్కన ఫార్మసిస్టును పెట్టుకోవాలి. ఇది మన ఊళ్లలో అందరికీ తెలిసిన పుండు. గోడ మీద ఒకరి సర్టిఫికెట్, గల్లాలో ఇంకొకరు. సర్టిఫికెట్‌ను నెలకింత అని అద్దెకిచ్చి, ఆ మనిషి వేరే ఊళ్లో వేరే కొలువు చేసుకుంటాడు. చీటీలో గీతలా ఉన్న అక్షరాలను పదో తరగతి చదివిన కుర్రాడు చదువుతాడు. పేరులో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే షుగరు మాత్ర బదులు ఇంకేదో చేతికి వస్తుంది. అలాంటి చోట గోడ మీది కాగితం అబద్ధం చెబుతున్నట్టే.

ఫార్మసిస్టు ఉంటే ఏం తేడా? కేజీఎఫ్ లైన్ల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మోకాళ్ల నొప్పికి మాత్ర అడిగిందనుకుందాం. చదువుకున్న ఫార్మసిస్టు మొదట ‘బీపీ మాత్రలు ఏమన్నా వేసుకుంటున్నావా అమ్మా?’ అంటాడు. కొన్ని నొప్పి మాత్రలు బీపీ మందు పనిని తగ్గిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఆ ఒక్క ప్రశ్న కోసమే చట్టం అతన్ని అక్కడ ఉండమంది.

రిజిస్టరులో ఒక వరుస

చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా షెడ్యూల్ హెచ్. వాటి లేబుల్ మీద ఎడమ పక్కన ‘ఆర్ఎక్స్’ గుర్తు ఉంటుంది. 2014 మార్చి 1 నుంచి ఇంకో జాబితా, షెడ్యూల్ హెచ్1, అమల్లోకి వచ్చింది. మొదట 46 మందులతో మొదలైన ఆ జాబితాలో కొత్త తరం యాంటీబయాటిక్‌లు, అలవాటు పడే నిద్రమాత్రల్లాంటివి, క్షయ మందులు ఉన్నాయి. వీటికి విడి రిజిస్టరు ఉండాలి. రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు అన్నవి అందులో రాసి, మూడేళ్లు దాచాలి.

కేజీఎఫ్ లాంటి ఊరికి ఈ రిజిస్టరు ఉత్త లెక్క కాదు. దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల ఊరిలో క్షయ మందు సగంలో ఆపితే, తప్పు మోతాదులో వాడితే క్రిమి మందుకు లొంగకుండా తయారవుతుంది. అప్పుడు వైద్యం ఇంకా కష్టమవుతుంది. 2018 మార్చిలో కేంద్రం మరో అడుగు వేసింది. క్షయ మందు అమ్మిన అంగడి కూడా ఆ రోగి వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలి. రిజిస్టరులోని ఒక వరుస వల్ల ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటి తలుపు తట్టగలదు. ఉచితంగా మందు ఇప్పించగలదు. అదే ఇంట్లో దగ్గుతున్న ఇంకొకరిని పరీక్షకు పంపగలదు.

పాత రోడ్డు పక్కన ఒక ఫ్యాక్టరీ

అమ్మడానికి ఇన్ని షరతులు ఉంటే తయారీకి ఎన్ని ఉండాలి? మాత్రలు, సిరప్‌లు చేసే ఫ్యాక్టరీకి ఫారం 25, ఇంజెక్షన్లలాంటి వాటికి ఫారం 28 లైసెన్సులు. సొంత ఫ్యాక్టరీ లేకుండా వేరేవాళ్ల ఫ్యాక్టరీలో చేయించుకునేవాళ్లకు లోన్ లైసెన్సు. చదువు, అనుభవం ఉన్న సాంకేతిక నిపుణుడి చేతి కింద తయారీ జరగాలి. నాణ్యత చూసే విభాగం తయారీ విభాగం చెప్పుచేతల్లో ఉండకూడదు. గోడలు, గాలి, నీళ్లు ఎలా ఉండాలో షెడ్యూల్ ఎం వివరంగా చెబుతుంది.

వాటన్నిటికీ మూలం ఒక్కటే: పీపా లోపలికి వచ్చిన రోజు నుంచి సీసా బయటికి వెళ్లే రోజు దాకా ప్రతి మెట్టునూ పరీక్షించి, రాసి, సంతకం పెట్టాలి. ముడిసరుకు పీపాలోంచి నమూనా తీసి, ల్యాబులో చూసి, ‘పాస్’ చీటీ పడేదాకా దాన్ని తాకకూడదు. సిరప్ తయారయ్యాక ప్రతి బ్యాచ్‌నూ మళ్లీ పరీక్షించాలి. ప్రతి బ్యాచ్‌లో కొన్ని సీసాలను గడువు తీరాక కూడా కొంతకాలం దాచి ఉంచాలి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే తీసి చూపడానికి.

ఆ రాత, ఆ పరీక్ష లేకపోతే ఏమవుతుందో 2025లో దేశం చూసింది.

బెంగళూరు నుంచి మద్రాసుకు పాత హైవే కోలార్, ముళబాగిలు దాటి, పలమనేరు, చిత్తూరు, రాణిపేట మీదుగా కాంచీపురం జిల్లాలోకి వెళుతుంది. ఆ దారిలోనే సుంగువార్‌చత్రం అనే ఊరు వస్తుంది. అక్కడి శ్రీశన్ ఫార్మా అనే చిన్న ఫ్యాక్టరీలో తయారైన కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్ తాగిన పిల్లలు, దూరాన మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో, మూత్రపిండాలు పాడై చనిపోయారు. ఇరవై మందికి పైగా. ఎక్కువమంది ఐదేళ్లలోపు వాళ్లు, ఎక్కువగా పరాసియా ప్రాంతం వాళ్లు. పరాసియా కూడా గనుల ఊరే. అక్కడ బొగ్గు, ఇక్కడ బంగారం. పిల్లకు దగ్గొస్తే తల్లి పరుగెత్తేది రెండు చోట్లా అంగడికే.

అక్టోబరు మొదట్లో తమిళనాడు అధికారులు ఫ్యాక్టరీలో తీసిన నమూనాలో డైఇథైలిన్ గ్లైకాల్ 48.6 శాతం తేలింది. అనుమతించే హద్దు 0.1 శాతం. సిరప్‌లలో మందు కరగడానికి ప్రొపైలిన్ గ్లైకాల్ వాడతారు. డైఇథైలిన్ గ్లైకాల్‌ను పరిశ్రమల్లో వాడతారు. రెండూ రంగులేని చిక్కటి ద్రవాలే. చూపుకు తేడా తెలియదు, నాలుకకూ తెలియదు. ల్యాబు పరీక్షకు మాత్రమే తెలుస్తుంది. ఆ పరీక్ష జరగాలనేది నియమం. ఆ ఫ్యాక్టరీకి లైసెన్సు ఉంది. గోడ మీద కాగితం ఉంది. 1937లో అమెరికాలో చట్టం లేక పిల్లలు చనిపోయారు. 2025లో ఇక్కడ చట్టం ఉండి, లైసెన్సు ఉండి, ఫ్యాక్టరీలో చేయవలసిన పరీక్ష చేయక పిల్లలు చనిపోయారు. తమిళనాడు ప్రభుత్వం అదే నెలలో లైసెన్సు రద్దుచేసి, ఫ్యాక్టరీని మూయించింది.

నిజానికి హెచ్చరిక మూడేళ్ల ముందే వచ్చింది. 2022లో గాంబియాలో సుమారు డెబ్బై మంది పిల్లలు చనిపోయినప్పుడు భారతదేశంలో తయారైన సిరప్‌ల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ వేలు పెట్టి చూపింది. దాంతో 2023 జూన్ 1 నుంచి విదేశాలకు వెళ్లే దగ్గు సిరప్‌ను ప్రభుత్వ ల్యాబు పరీక్షించి పంపాలన్న నియమం వచ్చింది. 2023 డిసెంబరులో షెడ్యూల్ ఎంను కఠినంగా తిరగరాశారు. పెద్ద కంపెనీలకు ఆరు నెలలు, చిన్న, మధ్యతరహా కంపెనీలకు ఏడాది గడువిచ్చారు. చిన్న కంపెనీల గడువు తర్వాత 2025 డిసెంబరు దాకా పెరిగింది. పెరిగిన ఆ గడువులోనే ఛింద్వాడా విషాదం జరిగింది. పరాయి దేశం పిల్లకు ప్రభుత్వ ల్యాబు కాపలా ఉంది, మన పిల్లకు లేదు. ఈ లోటును మాటలతో కప్పెట్టకూడదు.

నాలుగు పొట్లాలు

మందు మీద అనుమానం వస్తే ఇన్‌స్పెక్టర్ చేసే పని చూడదగ్గది. అంగడికి వచ్చి, ఫారం 17 కాగితం ఇచ్చి, మందును ధర చెల్లించి తీసుకుంటాడు. అక్కడే, అంగడివాడి కళ్లముందే దాన్ని నాలుగు భాగాలు చేస్తాడు. ఒక్కో భాగాన్ని విడిగా చుట్టి, లక్క కరిగించి సీలు వేస్తాడు. కావాలంటే అంగడివాడు తన సీలూ వేయవచ్చు. ఒక పొట్లం అంగడివాడి దగ్గరే ఉంటుంది. ఒకటి ప్రభుత్వ ల్యాబుకు వెళుతుంది. ఒకటి కోర్టు కోసం, ఒకటి మందు తయారీదారుకు. నాలుగు చేతుల్లో ఒకే మందు. రేపు ఎవరూ మాట మార్చడానికి వీల్లేదు.

కర్ణాటకలో ఈ పొట్లాలు వెళ్లేది బెంగళూరు, హుబ్బళ్లి, బళ్లారి ల్యాబులకు. ల్యాబు నివేదికను నమ్మనివాడు 28 రోజుల్లో చెప్పాలి, అప్పుడు కోర్టు కోల్‌కతాలోని కేంద్ర ల్యాబుకు పంపవచ్చు. ఆ నివేదికే చివరి మాట. మందు నకిలీదో కల్తీదో అయి, దాని వల్ల ప్రాణం పోతే శిక్ష పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా, జరిమానా పది లక్షలకు తగ్గకుండా.

ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉన్నా, పొట్లాలు కట్టే చేతులు తక్కువ. 2003లో మషేల్కర్ కమిటీ ప్రతి 50 ఫ్యాక్టరీలకు, ప్రతి 200 అంగళ్లకు ఒక ఇన్‌స్పెక్టర్ ఉండాలని చెప్పింది. దేశంలో ఏ మూల చూసినా ఆ లెక్క ఇప్పటికీ అందనిదే. 2014–16లో జరిగిన జాతీయ సర్వేలో 3.16 శాతం మందులు నాణ్యత లేనివిగా, 0.0245 శాతం నకిలీవిగా తేలాయి. నూటికి మూడు అంటే చిన్న అంకెలా కనబడుతుంది. నెలకు ఐదు రకాల మాత్రలు వేసుకునే ముసలాయనకు అది చిన్నది కాదు.

మన రాష్ట్రంలోనే చూడండి. 2024 నవంబరులో బళ్లారి ప్రభుత్వ ఆస్పత్రిలో సిజేరియన్ చేయించుకున్నవాళ్లలో ఐదుగురు బాలింతలు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లకు ఎక్కించిన రింగర్స్ లాక్టేట్ ద్రావణం మీద అనుమానం పడింది. పశ్చిమ బెంగాల్‌లోని తయారీ కంపెనీని రాష్ట్రం బ్లాక్‌లిస్టులో పెట్టింది, ఔషధ నియంత్రణాధికారిని సస్పెండ్ చేసింది. బళ్లారిలో అరకిలోమీటరు నడిస్తే ఎంత తెలుగు వినిపిస్తుందో కోలార్‌లోనూ అంతే. ఆ వార్త రెండు ఊళ్లలోనూ సొంత ఇంటి వార్తలాగే తగిలింది.

తెలంగాణలో ఇంకో రకం మోసం బయటపడింది. 2024లో అక్కడి ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకున్న యాంటీబయాటిక్ మాత్రల్లో ఉన్నది సుద్దపొడి. లేబుల్ మీద హిమాచల్‌ప్రదేశ్ చిరునామా. ఆ చిరునామాలో అలాంటి కంపెనీయే లేదు. క్వినైన్ లేని క్వినైన్ మాత్ర దగ్గర మొదలైన కథ తొంభై ఏళ్ల తర్వాత సుద్దపొడి మాత్ర దగ్గరికి వచ్చింది.

నాటు మందు, పశువు మందు

కోలార్ పల్లెల్లో లైసెన్సు మాట అనగానే వచ్చే ప్రశ్న: మా నాటు వైద్యుడి సంగతేంటి? చట్టం అతన్ని వదిలేయలేదు, పట్టి వేధించనూ లేదు. ఆయుర్వేద మందును అమ్మకానికి తయారుచేయాలంటే లైసెన్సు తప్పనిసరి. వైద్యుడు తన దగ్గరికి వచ్చిన రోగి కోసం సొంతంగా నూరి ఇస్తే మినహాయింపు ఉంది. తయారైన ఆయుర్వేద మందును అమ్మడానికి మాత్రం అంగడికి ఈ లైసెన్సు అవసరం లేదు. అమృతాంజనం డబ్బా కిరాణా కొట్టులో దొరకడానికి కారణం అదే. అదే ఆయుర్వేద పొడిలో ఇంగ్లీషు స్టెరాయిడ్ కలిపి ‘మూడు రోజుల్లో నొప్పి మాయం’ అని అమ్మితే, అది మినహాయింపు గీత దాటినట్టే.

చిన్న పల్లెలకూ ఒక వెసులుబాటు ఉంది. వెయ్యి మందికి మించని ఊళ్లో పారాసిటమాల్, ఆస్ప్రిన్, గ్రైప్ వాటర్, అయోడిన్ లాంటి ఇంటి మందుల్ని లైసెన్సు లేకుండానే కొట్టులో అమ్మవచ్చు. షరతులు గట్టివి: లైసెన్సు ఉన్న టోకు వ్యాపారి లేదా తయారీదారు దగ్గరే కొనాలి, మూత తెరవని డబ్బాలోనే అమ్మాలి. శ్రీనివాసపురం కొండల పక్క ఊళ్లలో ఒక తల్లి రాత్రిపూట జ్వరం మాత్ర కోసం పది మైళ్లు నడవకుండా ఉండడానికే ఈ వెసులుబాటు. కానీ వెసులుబాటు చాటున యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేస్తే అది చెల్లదు.

కోలార్ అంటే పాలు కూడా. పట్టు, పాలు, బంగారం అన్న మూడింటిలో పాలే ఇప్పుడు ఇంటింటికీ నెలవారీ డబ్బు. చట్టంలో మందు అంటే మనిషి మందే కాదు, పశువు మందు కూడా. ఆవు పొదుగు వాపుకు వేసిన యాంటీబయాటిక్ పాలలోకి దిగుతుంది. ఎన్నాళ్లు ఆగాకే పాలు పోయాలో లేబుల్ మీద ఉండాలి. లేకపోతే 2012 నుంచి ఉన్న నియమం ప్రకారం పాలకు కనీసం ఏడు రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. 2019లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకు వాడకుండా నిషేధించారు. అది మనుషుల ఆఖరి ఆసరా మందుల్లో ఒకటి.

చీటీ, బిల్లు, బ్యాచ్

కోలార్ జిల్లా ఒక గడప. తూర్పున పలమనేరు, వి.కోట, కుప్పం; దక్షిణాన కృష్ణగిరి. కుప్పంలో డాక్టరుకు చూపించుకుని కేజీఎఫ్‌లో మందు కొంటారు. బంగారపేటలో చూపించుకుని ఆంధ్రలో ఇంటికి వెళ్లి మిగిలిన మాత్రలు అక్కడే కొంటారు. లైసెన్సు రాష్ట్రానిది, జనానిది అలా కాదు. ఈ గడప మీద మందు జాడ చెప్పేది బిల్లు ఒక్కటే.

సరైన బిల్లు మీద ఉండవలసినవి: తేదీ, వరుస నంబరు, డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఫార్మసిస్టు సంతకం. చీటీ మీద కూడా అంగడి ముద్ర, తేదీ పడాలి. ‘బిల్లు వద్దులే, ఐదు రూపాయలు తగ్గిస్తాను’ అంటే కొనేవాడు ఐదు రూపాయలకు తన సాక్ష్యాన్ని అమ్మేసినట్టే.

2023 ఆగస్టు 1 నుంచి దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల ప్యాకుల మీద బార్ కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి. ఫోనులో చూస్తే మందు పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్, తేదీలు, తయారీ లైసెన్సు నంబరు కనిపించాలి. 2021 మార్చి నుంచి ఇంకో మార్పు వచ్చింది: ప్యాకు మీద ‘మార్కెటెడ్ బై’ అని పేరు వేసుకునే కంపెనీ కూడా నాణ్యతకు జవాబుదారీ. అంతకుముందు ఫ్యాక్టరీ మీదికి తోసేసి తప్పించుకునే వీలుండేది.

చాలామందికి తెలియని హక్కు ఇంకొకటి ఉంది. చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం కొన్న మందు మీద అనుమానం ఉంటే ఎవరైనా, మామూలు మనిషి అయినా, రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. సంతకం చేసిన నివేదిక చేతికి వస్తుంది. వినియోగదారుల సంఘం కూడా ఈ పని చేయవచ్చు. కేజీఎఫ్ లాంటి ఊళ్లో పాత కార్మిక సంఘాలకు, మహిళా సంఘాలకు అలవాటైన పనే: పదిమంది కలిసి దరఖాస్తు పెట్టడం.

ఇంటర్నెట్‌లో మందులు అమ్మేవాళ్లకు ప్రత్యేక నియమాలు 2018 ఆగస్టులో ముసాయిదాగా వచ్చి, ముసాయిదాగానే మిగిలాయి. ఇంటి గుమ్మానికి వచ్చే మందుకూ లైసెన్సు ఉన్న అంగడి ఒకటి వెనక ఉండాలి, చీటీ ఉండాలి, బిల్లు ఉండాలి. ప్యాకు విప్పగానే వెతకవలసింది ఆ బిల్లునే.

ఇక రద్దు చేసిన బ్యాచ్‌ను వెనక్కి తెప్పించే రోజు సంగతి. ఉదయం పదింటికి ఔషధ నియంత్రణ శాఖ నుంచి రాబర్ట్‌సన్‌పేటలోని ఒక అంగడికి కబురు వస్తుంది: ఫలానా సిరప్, ఫలానా బ్యాచ్, అమ్మకం ఆపండి. అంగడివాడు బీరువాలోని సీసాలు తీసి అట్టపెట్టెలో వేసి, ‘అమ్మకానికి కాదు’ అని రాసి పక్కన పెడతాడు. తర్వాత బిల్లు పుస్తకం తెరుస్తాడు. ఆ బ్యాచ్‌లో ఏడు సీసాలు అమ్ముడయ్యాయి. నాలుగింటికి పేరు, ఊరు రాసి ఉన్నాయి. చాంపియన్ రీఫ్స్ లైన్లలో రెండిళ్లు, ఆండర్సన్‌పేటలో ఒకటి, వి.కోట దగ్గర పల్లెలో ఒకటి. మధ్యాహ్నానికి నాలుగు ఇళ్లకూ కబురు వెళుతుంది. మిగిలిన మూడు సీసాలు బిల్లు లేకుండా అమ్మినవి. ఆ మూడు సీసాల్లో ఒకటి ఏ ఇంటి గూట్లో ఉందో, ఏ పాప తలగడ పక్కన ఉందో చెప్పగలిగేవాళ్లు ఆ అంగడిలో ఎవరూ లేరు.